కెటిల్ గురించి

మినిట్స్ రాయడం నా పని.
బాలినా ఊళ్ళో, మోయ్ నది మీంచి వచ్చే గాలికి
కిటికీ రెక్క కొట్టుకునే గదిలో,
నెలకోసారి, మంగళవారం.
ఎవరేమన్నా రాస్తాను.
దగ్గితే రాయను.

బల్ల చుట్టూ ఆరుగురం.
డైరెక్టర్ కహల్ డర్కన్, నర్సు నూలా,
గాల్వే నుంచి కారులో వచ్చిన అన్న మలాకీ,
నేను ప్రతిసారీ పేరు మరిచిపోయే ఆరోగ్యశాఖ ఆయన,
నేను.
ఆరో కుర్చీలో అట్రాక్టా గిల్‌హూలీ.
సమావేశం ఆవిడ గురించే కనుక
ఆవిడతో ఎవరూ మాట్లాడటం లేదు.

ఆవిడ ముందు మూడు కార్డులు.
ఆకుపచ్చ: సరే.
పసుపు: నెమ్మదిగా.
ఎరుపు: ఆపండి, నాకు అర్థం కాలేదు.
శనివారాలు లైబ్రరీ పైగదిలో
పదకొండుమంది స్నేహితులు కూర్చుని
అట్ట కత్తిరించి, ప్లాస్టిక్ తొడిగి చేసుకున్నవి.
ఎర్రదాని అంచు అప్పుడే చిరిగింది, వాడకానికి.

"మా అమ్మాయిలందరి భద్రతా..." మొదలుపెట్టాడు కహల్.
ఎర్ర కార్డు లేచింది.
"నాకు యాభై రెండు."
అమ్మాయిలు అన్నది కొట్టేశాను.

"విద్యుత్ ఉపకరణాల ప్రమాద అంచనా ప్రకారం..."
ఎర్ర కార్డు.
కహల్ నీళ్ళు నమిలాడు.
"అంటే... కెటిల్, అట్రాక్టా."
"కెటిల్ అయితే కెటిల్ అనొచ్చుగా."

విషయం ఇదీ: తన గదిలో తన కెటిల్.
టీ తాగాలనిపించినప్పుడల్లా
వంటగది తాళం తీసే మనిషి కోసం వరండాలో నిలబడటం
ఇరవై ఆరేళ్ళు చేసింది, ఇక చాలంది.
నాలుగింటికే మెలకువ వస్తుందట.
ఆ వేళ టీకి వేరే రుచి ఉంటుందని ఎవరో చెప్పారట.
ఉంటుందో లేదో తనే చూసుకోవాలట.

ఫైల్లో ఉంది: తొంభై ఎనిమిదిలో చెయ్యి కాలింది.
నూలా పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది.
"దానికి తెలీదండీ, అమ్మ ఉన్నప్పుడు కూడా..."
మలాకీ బల్లతో చెబుతున్నాడు.
ఈసారి పసుపు.
"నెమ్మదిగా, మలాకీ. నేనిక్కడే ఉన్నాను."

స్వెటర్ చెయ్యి పైకి మడిచింది.
మోచేతి కింద అరచేయంత మేర
నునుపుగా మెరిసే చర్మం.
"కాలింది నా చెయ్యి.
ఫైలు చెయ్యి కాదు.
ఎంత మండిందో నాకు తెలుసు,
అందులో రాసి లేదు."

తర్వాత ఒక్కొక్కరి కేసీ చూసి
"మీకెవరికీ కాలలేదా?" అంది.
చూపించమంది.

కాసేపు కిటికీ రెక్క ఒక్కటే మాట్లాడింది.
ముందు నూలా: మణికట్టు మీద ఓవెన్ గీత.
మలాకీ బొటనవేలు, వెల్డింగ్.
పేరు గుర్తులేని ఆయన టై వదులు చేసి
చిన్నప్పుడు ఒలికిన సూపు చూపించాడు.
కహల్ చివరిదాకా ఆగి, సాక్సు కిందికి లాగాడు.
వేడినీళ్ళ సీసా. అప్పుడు ఎనిమిదేళ్ళు.
నాదీ చూపించాను. ఇస్త్రీపెట్టె,
ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకి బయల్దేరిన పొద్దున.

అట్రాక్టా వంగి వంగి అన్నీ చూసింది.
నూలా గీతని వేలితో తాకి "నొప్పేసిందా?" అంది.
అప్పుడడిగింది:
"మరి మీ కెటిళ్ళు ఎవరు లాక్కున్నారు?"

నిర్ణయం వచ్చే నెలకి వాయిదా పడింది.
ఇక్కడ చాలా అలాగే పడతాయి.

అందరూ కోట్లు తొడుక్కుంటుంటే
నా పక్కకొచ్చి నిలబడింది.
"చదువు."
చదివాను: కెటిల్ ఇప్పించమని అట్రాక్టా కోరింది.
ఎర్ర కార్డు.
ఈసారి అర్థం కాక కాదు.
"కోరలేదు. చెప్పాను."

కొట్టేసి రాశాను.
వాయిదాకి ఒప్పుకోలేదని కూడా రాయమంది, రాశాను.
పెన్ను లాక్కుని కింద తన పేరు పెట్టింది,
పెద్ద పెద్ద అక్షరాలు, తొందరేం లేదు.
గిల్‌హూలీ దగ్గరికొచ్చేసరికి చోటు చాలక
చివరి రెండూ
నా సంతకం మీదికెక్కి కూర్చున్నాయి.